పొలంలో ఎయిర్‌స్ట్రిప్ ఉన్నా ఫోన్ మోగకుండా బతకడానికి పన్నెండు చిట్కాలు

పశ్చిమ క్వీన్స్‌లాండ్‌లో మీకు ఒక స్టేషన్ ఉందనుకుందాం. స్టేషన్ అంటే రైలు ఆగేది కాదు. ఆస్ట్రేలియాలో పశువులు మేసే పెద్ద పొలాన్ని స్టేషన్ అంటారు. ఈ కంచె నుంచి ఆ కంచెకు బండిలో వెళ్లడానికే సగం పూట పడుతుంది. మధ్యలో ఒక ఇల్లు, నాలుగు షెడ్లు, నీళ్ల ట్యాంకు. ఇంటికి కూతవేటు దూరంలో వెయ్యీ పన్నెండువందల మీటర్ల పొడవున చదును చేసిన మట్టి బాట. అదే మీ ఎయిర్‌స్ట్రిప్.

టపా తెచ్చే విమానం అక్కడే దిగుతుంది. పశువుల్ని తోలడానికి వచ్చే పైలట్ అక్కడే దిగుతాడు. అన్నిటికీ మించి, ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఫ్లయింగ్ డాక్టర్ దిగేదీ అక్కడే. అంటే ఆ బాట మీ ఇంటికి ఆకాశం వైపు గుమ్మం. గుమ్మం అన్నాక ఊడవాలి, ముగ్గు పెట్టాలి, పొద్దుగూకితే దీపం పెట్టాలి. ఎవరు చేస్తారండీ ఈ చాకిరీ? రోజుకు అరగంట చొప్పున ముప్పై ఏళ్లు లెక్కేసుకోండి, కళ్లు తిరుగుతాయి.

స్ట్రిప్ ఉన్నవాళ్ల బాధ నాకు బాగా తెలుసు. అందుకే నా అనుభవమంతా రంగరించి ఈ పన్నెండు చిట్కాలు రాస్తున్నాను. వరసగా, ఓపికగా పాటించండి. మూడేళ్లు తిరక్కుండా మీ స్ట్రిప్ కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగలదు. ఎవరూ రారు, ఎవరూ అడగరు, ఫోన్ మోగదు.

1. ముందు చరిత్ర చదవండి, మనసు గట్టిపడుతుంది.

1917లో పశ్చిమ ఆస్ట్రేలియాలో హాల్స్ క్రీక్ దగ్గర జిమ్మీ డార్సీ అనే పశువుల కాపరి గుర్రం మీంచి పడ్డాడు. లోపల దెబ్బ తగిలింది. బండిలో వేసి ఊళ్లోకి తెచ్చారు. ఊళ్లో డాక్టర్ లేడు, పోస్టుమాస్టర్ ఉన్నాడు. ఎక్కడో పెర్త్ నగరంలో ఉన్న డాక్టర్ టెలిగ్రాఫ్ తీగ మీద ఒక్కో మాటా చెబుతుంటే, ఆ పోస్టుమాస్టర్ చాకుతో ఆపరేషన్ చేశాడు. ఆ డాక్టర్ ఓడెక్కి, కారెక్కి, రోజుల తరబడి ప్రయాణించి చేరేసరికి డార్సీ పోయాడు.

ఇందులో మీరు గమనించాల్సింది ఒక్కటే. ఆ కథలో స్ట్రిప్ లేదు, కాబట్టి స్ట్రిప్ యజమానిని వేలెత్తి చూపినవాడూ లేడు.

ఆ ప్రశాంతతను జాన్ ఫ్లిన్ అనే పాస్టర్ చెడగొట్టాడు. విమానంలో డాక్టర్‌ని పంపాలని పట్టుబట్టాడు. 1928 మే 17న క్లాన్‌కరీ నుంచి జూలియా క్రీక్‌కు మొదటి ఫ్లయింగ్ డాక్టర్ విమానం ఎగిరింది. క్వాంటాస్ దగ్గర అద్దెకు తీసుకున్న డీహెచ్-50 అది, గుడ్డ రెక్కల విమానం. మొదటి ఏడాదిలోనే 50 సార్లు ఎగిరి 225 మందికి వైద్యం చేశారు. ఫ్లిన్ బొమ్మను ఇప్పుడు ఇరవై డాలర్ల నోటు మీద వేశారు. మీ నిద్ర చెడగొట్టిన మనిషి ముఖం మరిచిపోకుండా ఉండటానికి ఆ నోటు ఒకటి పర్సులో ఉంచుకోండి.

2. తనిఖీని తూతూ మంత్రంగా ముగించండి.

స్ట్రిప్ బాగుందో లేదో చూడటానికి అక్కడివాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. స్ప్రింగులు గట్టిగా ఉండే బండిని ఆ బాట మీద గంటకు 75 కిలోమీటర్ల వేగంతో ఈ చివర నుంచి ఆ చివరకు తోలాలి. లోపల కూర్చున్నవాళ్లకు ఒళ్లు కదలకపోతే స్ట్రిప్ బాగున్నట్టు లెక్క. ఖర్చు లేదు, యంత్రం లేదు, రెండు నిమిషాల పని. ఇంత సులువైన పరీక్ష చాలా ప్రమాదం. సులువైనది కాబట్టి మాటిమాటికీ చేయమంటారు.

మీరు ఇలా చేయండి. పట్నం వెళ్లడానికి కొన్న మెత్తటి కారు తీయండి. ఏసీ వేయండి, పాటలు పెట్టండి. సరిగ్గా నడిమధ్యన, గంటకు ఇరవై దాటకుండా తోలండి. సగం దూరం వెళ్లి వెనక్కి తిప్పేయండి, ఆ మిగతా సగం కూడా మట్టే కదా. ఇంటికొచ్చి పుస్తకంలో "చూశాం, బాగుంది" అని రాయండి. అదే సిరాతో వచ్చే ఆరు నెలల తారీఖులు కూడా వేసి పెట్టుకుంటే పెన్ను మళ్లీ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

3. వాన వెలిసిన మర్నాడే స్ట్రిప్ మీద బండి తోలండి.

పశ్చిమ క్వీన్స్‌లాండ్ మైదానాల్లో చాలాచోట్ల నల్లరేగడి. మన రైతులకు దాని గుణం చెప్పక్కర్లేదు. తడిస్తే చెప్పును వదలదు, ఎండితే పారను దిగనివ్వదు. ఈ గుణాన్ని వాడుకోండి. వాన పడ్డాక స్ట్రిప్‌ను రెండు మూడు రోజులు ముట్టుకోవద్దని పాతవాళ్లు చెబుతారు. అదంతా అతిజాగ్రత్త. పశువుల తొట్టి దగ్గరికి అడ్డదారి స్ట్రిప్ మీదుగానే ఉంది కదా, వెళ్లండి. చక్రాలు జానెడు లోతున దిగుతాయి. రెండు గాడులు పడతాయి. నాలుగు ఎండలు కాస్తే ఆ గాడులు కాల్చిన ఇటుకలా గట్టిపడతాయి.

ఇక వాటిని నేల చదును చేసే గ్రేడర్ యంత్రం తప్ప ఏదీ కదిలించలేదు. గ్రేడర్ నడిపేవాడు రెండొందల కిలోమీటర్ల అవతల ఉంటాడు. అతనికి ఫోన్ చేయడం మీ వంతు. చేయడం మాత్రం వచ్చే నెలకు వాయిదా వేయండి.

4. చెదపుట్టను పెరగనివ్వండి.

స్ట్రిప్ అంచున చెదపుట్ట లేస్తుంది. మొదటి వారం అది బెల్లం అచ్చంత ఉంటుంది. వేలితో నొక్కితే పొడి పొడిగా రాలుతుంది, తడి మట్టి వాసన వేస్తుంది. ఆ రోజు ఒక్క పార పోటు చాలు, పీడ వదులుతుంది. కానీ ఆ రోజు పార షెడ్డులో ఉంటుంది, మీరు వరండాలో ఉంటారు. నెల తిరిగేసరికి మోకాలెత్తు. ఎండకు సిమెంటు దిమ్మలా మారుతుంది. పైన గడ్డి కప్పేస్తే కనిపించదు కూడా.

ఫ్లయింగ్ డాక్టర్లు వాడే పీసీ-12 విమానం నిండు బరువుతో నాలుగున్నర టన్నులు దాటుతుంది. అంత బరువున్న విమానం ఒక పుట్ట దగ్గర పక్కకు తప్పుకోలేకపోతే తప్పు పైలట్‌దే. "అంత పెద్దది నడిపేవాడికి ఇంత చిన్నది కనిపించలేదా?" అని అడగండి. ఎంత గట్టిగా అడిగితే అంత మంచిది.

5. దూరాల లెక్కను కాకిలెక్కగా ఉంచండి.

చిన్న విమానం పైకి లేవడానికి పుస్తకంలో 400 మీటర్లు చాలని రాసి ఉందనుకోండి. అక్కడితో ఆగండి. ఆ పుస్తకం గట్టి, చదునైన, పొడి రన్‌వే కోసం రాసింది, మిగతావి మీరే లెక్క కట్టుకోవాలని కొందరు చెబుతారు. బ్రిటన్ పౌర విమానయాన సంస్థ పైలట్ల కోసం ఇచ్చిన సూచనల్లో ఇలా ఉంది. తడి గడ్డి మీద దూరం 30 శాతం పెరుగుతుంది. నూటికి రెండు వంతుల ఎత్తు వాలు ఎక్కాల్సి వస్తే మరో 10 శాతం. లేచే వేగంలో పదో వంతు గాలి వెనక నుంచి వస్తే 20 శాతం. విమానం బరువు 10 శాతం పెరిగితే ఇంకో 20 శాతం. ఎండ పది డిగ్రీలు ఎక్కువైతే ఇంకో 10. వీటిని కూడకూడదట, ఒకదానితో ఒకటి గుణించాలట. చివర భద్రత కోసం 1.33తో మరోసారి గుణించాలట.

గుణించి చూడండి. 400ను తడి గడ్డికి 1.3తో గుణిస్తే 520. వాలుకు 1.1తో గుణిస్తే 572. వెనక గాలికి 1.2తో గుణిస్తే 686. భద్రతకు 1.33తో గుణిస్తే 913 మీటర్లు. చూశారా? చల్లటి రోజున, బరువు లేకుండానే నాలుగొందలు కాస్తా తొమ్మిదొందలు దాటింది. ఇలాంటి లెక్కలు మనిషిని పిరికివాణ్ణి చేస్తాయి. వచ్చినవాడు "ఎంత పొడవు?" అని అడిగితే, ఒకప్పుడు గ్రేడర్ గీసిన చివరి గీత దాకా కొలిచి చెప్పండి. ఆ చివర మూడొందల మీటర్లలో ఇప్పుడు పొదలు ఉన్నా సరే, భూమి ఎక్కడికీ పోలేదు.

6. విండ్‌సాక్‌ను దాని మానాన వదిలేయండి.

గాలి ఎటు వీస్తోందో చెప్పే గుడ్డ గొట్టం అది. సరైనదైతే గాలి గంటకు ఇరవై ఎనిమిది కిలోమీటర్లకు చేరేసరికి పూర్తిగా అడ్డంగా నిలుస్తుంది. కొంచెం వేలాడుతుంటే గాలి ఎంత తగ్గిందో పైలట్ పైనుంచే పసిగడతాడు. కానీ అక్కడి ఎండకు గుడ్డ పీలికలవుతుంది. పీలికలైనదాన్ని మార్చకండి. మరీ అడిగితే ప్లాస్టిక్ బియ్యం బస్తా కోసి కట్టండి. అది గాలి లేకపోయినా కర్రలా నిలబడుతుంది, చూడటానికి హుందాగా ఉంటుంది.

ఇంకా మంచి మార్గం ఉంది. కర్ర పైన తిరిగే బేరింగ్‌కు గ్రీజు పెట్టడం మానేయండి. తుప్పు పట్టి బిగుసుకుంటుంది. అప్పుడు విండ్‌సాక్ ఒకే దిక్కు చూస్తూ ఉంటుంది. గాలి మాట మార్చినా మీ విండ్‌సాక్ మాట మార్చదు.

7. ముగ్గు చెరిపేయండి.

స్ట్రిప్ అంచులు తెలియడానికి పాత టైర్లకు తెల్ల సున్నం పూసి రెండు వైపులా పెడతారు, లేదా తెల్ల కోన్లు పెడతారు. పైనుంచి చూస్తే వాకిట్లో ముగ్గులా ఉంటుంది. ఆ టైర్లు మీకు వేరే పనులకు పనికొస్తాయి. రెండు తీసి దూడల కొట్టం దగ్గర వేయండి, రెండు పిల్లల ఉయ్యాలకు కట్టండి. మిగిలినవాటి మీద ఎర్రదుమ్ము దానంతట అదే పడుతుంది.

స్ట్రిప్ పనికి రాకపోతే పైనుంచి కనిపించేలా తెల్లటి పెద్ద అడ్డగుర్తు వేయాలని నియమం. ఆ జోలికి పోకండి. అది వేస్తే పనికిరాదని మీరే ఒప్పుకున్నట్టు. వేయకపోతే మీరు అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. కర్ర విరగకూడదు, పాము చావకూడదు.

8. కరెంటు తీగ గురించి నోరు విప్పకండి.

మారుమూల స్టేషన్లకు కరెంటు ఒకే ఒక్క తీగ మీద వస్తుంది, తిరుగు దారి నేలే. ఆ తీగ పెన్సిలంత లావు కూడా ఉండదు. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం చాలా ఎక్కువ. పైలట్లకు ఆకాశంలోంచి తీగ కనిపించదు, స్తంభాలు కనిపిస్తాయి. వాటిని చూసి తీగ ఎటు పోతోందో ఊహించుకుంటారు.

అందుకని స్తంభాల చుట్టూ చెట్లు ఏపుగా పెరగనివ్వండి. నీడ బాగుంటుంది. తీగకు రంగు బంతులు కట్టడం అనవసరపు ఖర్చు. కొత్తగా వచ్చే పైలట్‌కు మీ ఇంటి కుక్క పేరు చెప్పండి, టీలో పాలు ఎన్ని పోయాలో అడగండి. స్ట్రిప్ తూర్పు చివర తీగ ఉందన్న సంగతి మాత్రం అతను తెలుసుకుని రావాలి.

9. ఉప్పు దిమ్మను స్ట్రిప్ పక్కన పెట్టండి.

పశువులకు ఉప్పు దిమ్మ పెట్టాలి, నీళ్ల తొట్టి కావాలి. ఈ రెండూ స్ట్రిప్ పక్కనే పెడితే మీకు నడక తగ్గుతుంది. కంచె గేటుకు గొలుసు వేయకండి, తిరిగి తీయడం విసుగు. మందలన్నీ అక్కడే కాపురం పెడతాయి. పేడ పడుతుంది, పేడకు పచ్చిక లేస్తుంది, పచ్చికకు కంగారూలు వస్తాయి. పొద్దువాలే వేళ ఇరవై కంగారూలు స్ట్రిప్ మధ్య చెవులు నిక్కించి కూర్చుంటే చూడముచ్చటగా ఉంటుంది.

విమానం దిగే ముందు ఎవరో ఒకరు బండి వేసుకుని స్ట్రిప్ పొడవునా వెళ్లి వాటిని తోలాలని ఆచారం. రాత్రిపూట అయితే మరీ తప్పనిసరి అంటారు. మీరు వరండాలోంచి ఈల వేయండి. ఈల వేశాక మీ బాధ్యత తీరింది.

10. పెట్రోలు డ్రమ్మును నిలబెట్టి, మూత పైకి ఉంచండి.

చిన్న విమానాలకు అవ్‌గ్యాస్ అనే నీలం రంగు పెట్రోలు పోస్తారు. 200 లీటర్ల డ్రమ్ముల్లో వస్తుంది. తెలిసినవాళ్లు డ్రమ్మును పడుకోబెట్టి, రెండు బిరడాలూ పెట్రోలు మట్టానికి కిందే ఉండేలా సర్దుతారు. అలా చేస్తే నడుం పడుతుంది. నిలబెట్టేయండి. వాన పడితే డ్రమ్ము పైగిన్నెలో నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకు లోపలి గాలి ఉబ్బి బిరడా సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడ్డాక అదే సందుల్లోంచి గాలితోపాటు ఆ నీళ్లనూ లోపలికి పీల్చుకుంటుంది. ఇలా డ్రమ్ము తనంతట తానే నిండుతూ ఉంటుంది. ఇంతకంటే లాభం ఏముంది?

నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరతాయి. పంపు పైపును అడుగు తగిలేదాకా దింపండి, ఒక్క చుక్క కూడా వృథా కాకూడదు. గాజు సీసాలో పట్టి చూస్తే నీలం కింద తెల్లటి బుడగ కనిపిస్తుందని పైలట్లు పట్టుబడతారు. ఆ సీసాలో ఊరగాయ పెట్టుకున్నామని చెప్పండి.

11. దీపాల డబ్బాలకు వేరే పని చూపించండి.

రాత్రిపూట ప్రమాదం జరిగితే విమానం చీకట్లో దిగాలి. లైట్లు లేని స్టేషన్లలో తరతరాలుగా ఒక పద్ధతి ఉంది. ఖాళీ పాలపొడి డబ్బాలో టాయిలెట్ పేపర్ చుట్ట ఒకటి పెట్టి, కిరోసిన్‌గానీ డీజిల్‌గానీ పోసి నానబెడతారు. విమానం చప్పుడు వినపడగానే స్ట్రిప్‌కు రెండు వైపులా పెట్టిన డబ్బాలన్నీ వెలిగిస్తారు. ఆ చుట్ట వత్తిలా పనిచేసి చాలాసేపు కాలుతుంది. పైనున్న పైలట్‌కు చీకటి నేల మీద రెండు వరసల దీపాలు కనిపిస్తాయి. దీపావళి రాత్రి మన అరుగు మీద ప్రమిదలు ఎలా కనిపిస్తాయో అలాగన్నమాట.

డబ్బాలు దొరకడం కష్టం. వాటిలో పుదీనా వేసుకోండి. టాయిలెట్ పేపర్ ఎందుకు కొంటామో అందుకే వాడండి. ఇప్పుడు సౌరశక్తి దీపాలు కూడా వచ్చాయి. వాటిని ఒకసారి కొని షెడ్డులో అట్టపెట్టెలోనే ఉంచండి. చీకట్లో ఉంచిన సౌరదీపం పాడవదు.

12. ఫోన్‌లో జవాబు చెప్పడం నేర్చుకోండి.

ఇది అన్నిటికంటే ముఖ్యమైన విద్య. ఎప్పుడో ఒక రాత్రి పక్క స్టేషన్ నుంచి ఎవరో మీ స్ట్రిప్‌కు రోగిని తెస్తామంటారు. ఫ్లయింగ్ డాక్టర్ బేస్ నుంచి ఫోన్ వస్తుంది. కంగారు పడకండి. ఇలా మాట్లాడండి.

"మీ స్ట్రిప్ ఎలా ఉందండీ?"

"బాగానే ఉందనుకుంటా."

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"మొన్ననే."

"వాన పడిందా?"

"ఇక్కడ పడలేదు." ఇక్కడ అంటే మీరు కూర్చున్న కుర్చీ. వరండా పైకప్పు కింద వాన పడదు కదా.

"బండి తోలి చూశారా?"

"పిల్లలు తోలుతూనే ఉంటారు."

"పశువులు లేవు కదా?"

"పొద్దున లేవు."

ఒక్క మాట కూడా అబద్ధం కాదు. విమానం వస్తుంది. రెండు చుట్లు తిరుగుతుంది. గాడులూ పుట్టలూ మందా చూసి, దిగకుండా వెళ్లిపోతుంది. తర్వాత ఎవరైనా నిలదీస్తే ఈ సాకులు వరసగా వాడండి. గ్రేడర్ రాలేదు. వానలు ఎక్కువ. వానలు తక్కువ. పార విరిగింది. పోయినసారి దిగినవాడికి ఏమీ కాలేదు. ఇక చివరి అస్త్రం చట్టం. ఏ స్ట్రిప్ మీద దిగొచ్చో తేల్చుకోవాల్సింది విమానం నడిపే పైలటేనని నియమాల్లోనే ఉంది. ఆ ఒక్క వాక్యం పెద్ద అక్షరాలతో రాయించి గోడకు తగిలించుకోండి. దాని కింద కూర్చుని టీ తాగితే రుచిగా ఉంటుంది.

ఇలా రెండు మూడుసార్లు జరిగాక వాళ్లే మీ స్ట్రిప్‌ను లెక్కలోంచి తీసేస్తారు. నెలకోసారి విమానంలో డాక్టర్ వచ్చి ఇంటి దగ్గరే అందరినీ చూసే క్లినిక్ ఉంటే, అది ఇంకో స్టేషన్‌కు మారుతుంది. పదిమందికి టీ పెట్టే పని తప్పుతుంది. టపా విమానం వేరే దారి పడుతుంది. 1922లో క్వాంటాస్ తన మొదటి టపా విమానాన్ని చార్లెవిల్ నుంచి క్లాన్‌కరీకి నడిపింది ఈ మైదానాల మీదుగానే. వందేళ్లుగా ఉన్న ఆ అలవాటును మీరొక్కరే మాన్పించగలిగారంటే, చిన్న విషయం కాదు.

ఈ చిట్కాలు పనిచేస్తాయా అని అనుమానం వద్దు. మా పక్క స్టేషన్ ఆయన పన్నెండింటినీ అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. మూడో ఏడు ఆగస్టులో ఆయన కొడుకు మోటార్‌సైకిల్ మీద మందను తోలుతూ పడ్డాడు. తొడ ఎముక విరిగింది. రాత్రి తొమ్మిదయింది. బేస్‌కు ఫోన్ చేస్తే, మీ స్ట్రిప్ వాడుకలో లేదు, డెబ్బై కిలోమీటర్ల అవతలి స్టేషన్‌కు తీసుకురండి, విమానం అక్కడికి వస్తుంది అన్నారు. చూడండి, ఎంత హాయో. వాళ్లు స్ట్రిప్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కొడుకును యూట్ అనే చిన్న ట్రక్కు వెనక పరుపు మీద పడుకోబెట్టారు. తల్లి పక్కన కూర్చుని కాలు కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది. బయటి గేటుకు దగ్గర దారి స్ట్రిప్ మీదుగానే. అలా ఆయన ఆ రాత్రి మొదటిసారి తన స్ట్రిప్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు బండిలో తోలాడు. 75 కాదు, పదిహేను కూడా కుదరలేదు. తను వేసిన ప్రతి గాడీ వచ్చింది, తను వదిలేసిన ప్రతి పుట్టా వచ్చింది. ఒక్కోటి వచ్చినప్పుడల్లా వెనక నుంచి కొడుకు అరుపు వినిపించింది. పన్నెండువందల మీటర్లకు పావుగంట పట్టింది. మొత్తానికి తనిఖీ పూర్తయింది, పుస్తకంలో రాయాల్సిన పని కూడా లేదు.

అవతలి స్టేషన్ చేరేసరికి అర్ధరాత్రి దాటింది. అక్కడ డెబ్బై ఏళ్ల ముసలామె ఒక్కతే అగ్గిపెట్టె పట్టుకుని నడుస్తోంది. రెండు వరసల డబ్బాలు వెలుగుతున్నాయి. మందను ముందే తోలేసింది. ఆమె పడ్డ కష్టం తలుచుకుంటే జాలేస్తుంది. ఎవరి కొడుకు కోసమో నిద్ర మానుకుని, వంగి వంగి ఒక్కో డబ్బా వెలిగించింది. విమానం దిగింది, పది నిమిషాల్లో లేచిపోయింది. మా పక్కాయన ఒక్క అగ్గిపుల్ల గీయలేదు. వచ్చాడు, అప్పగించాడు, తెల్లారేసరికి ఇంటికెళ్లి పడుకున్నాడు.

కొడుకు కాలు కొంచెం పొట్టిదైంది. స్టేషన్ పని వద్దని సముద్రం ఒడ్డున ఏదో ఊళ్లో ఉద్యోగం చూసుకున్నాడు. స్ట్రిప్ మీద గడ్డి నడుమెత్తు పెరిగింది, విండ్‌సాక్ కర్ర ఇంకా ఆ ఒకే దిక్కు చూస్తోంది. మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. ఆయన వరండాలో, భార్య వంటింట్లో. ఫోన్ బల్ల మీద మధ్యలో ఉంది. నేనున్న మూడు గంటల్లో ఒక్కసారి కూడా మోగలేదు. వారం రోజులుగా మోగలేదని ఆమే చెప్పింది. అంతకు ముందు వారం కూడానట.